శ్రీకాకుళం, విజయనగరం దారులకు ఏ సైకిలు మేలు: రోడ్‌స్టరా, హైబ్రిడా, మౌంటెన్ బైకా, రోడ్ బైకా?

సైకిలు కొనేవాళ్లు షాపులో మొదట గేర్లెన్ని అని అడుగుతారు. ఈ రెండు జిల్లాల్లో తొక్కేవాళ్లు మొదట అడగాల్సింది టైరు వెడల్పు ఎంత అని. ఇక్కడ ఒక్క పూటలోనే జాతీయ రహదారి 16 మీద నున్నటి తారు, గుంతలు పడ్డ ఊరి రోడ్డు, కాలవ గట్టు కంకర, సముద్రం ఒడ్డున ఇసుక వరసగా తగులుతాయి. తారు మీద పరుగెత్తే సైకిలు ఇసుకలో కూరుకుపోతుంది. ఇసుకలో నిలిచే సైకిలు తారు మీద బరువనిపిస్తుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒక్క సైకిలే కొనగలిగితే హైబ్రిడ్ (రోడ్ బైకుకీ మౌంటెన్ బైకుకీ మధ్య రకం) కొనండి. ముందు ఫోర్కుకి సస్పెన్షన్ వద్దు. టైర్లు 700×38 లేదా 700×40 ఉండాలి (రెండో అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు). అయితే రోడ్‌స్టర్ (గేర్లు లేని పాతకాలపు మామూలు సైకిలు) దీన్ని ఓడించే చోట్లు రెండున్నాయి, మౌంటెన్ బైకు ఓడించే చోటు ఒకటుంది. అవి దారిని బట్టే తెలుస్తాయి.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం

గార మీదుగా పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎక్కుడు లేదనే చెప్పాలి, ఇబ్బందంతా గాలితోనే. తెల్లవారుజామున నేల మీది గాలి మెల్లగా సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. అందుకని 5, 6 గంటలకు బయల్దేరి, దీపస్తంభం దగ్గర కాసేపు ఆగి, 10 దాటాక వెనక్కి తిరిగితే చాలా రోజులు రెండు వైపులా గాలి వీపునే తోస్తుంది. మధ్యాహ్నం బయల్దేరితే వెళ్లేటప్పుడంతా ఎదురుగాలే. నిటారుగా కూర్చునే రోడ్‌స్టర్ మీద ఆ ఎదురుగాలి ఛాతీకి పూర్తిగా తగులుతుంది. వంగి కూర్చునే రోడ్ బైకుకి ఇక్కడ నిజమైన లాభం ఉంది, హైబ్రిడ్ ఈ రెంటికీ మధ్యన ఉంటుంది.

కానీ ఆ లాభం గుంతల దగ్గర పోతుంది. 25 మిల్లీమీటర్ల టైరులో 80–90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉండాలి. కాస్త తగ్గితే గుంత అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ట్యూబులో రెండు చిల్లులు జంటగా కనిపిస్తే ముల్లు కోసం టైరంతా వెతకక్కర్లేదు. అది గాలి తక్కువై పడ్డ పంచరు. 70 కిలోల మనిషికి 38 టైరులో ముందు 45, వెనక 55 చాలు. అదే గుంతని ఆ టైరు మింగేస్తుంది.

ఇసుక దగ్గర ఇంకో మాట. తడిసి గట్టిపడ్డ ఇసుక మీద 40 టైరు నడుస్తుంది. పొడి ఇసుకలో 2.1 అంగుళాల మౌంటెన్ టైరు కూడా గాలి 25కి దించితే గానీ నడవదు. అలల్లోకి మాత్రం ఏ సైకిలునీ దించొద్దు. ఉప్పునీరు ఇరుసు బాల్స్‌లోకి, పెడల్ ఇరుసుల్లోకి చేరితే గ్రీజుని పాడుచేస్తుంది. నెల తిరక్కుండానే గరగరమంటుంది.

కళింగపట్నమైనా, చింతపల్లి తీరమైనా, బారువైనా, ఇంటికొచ్చిన రోజే మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో సైకిలంతా తుడవాలి. గొలుసుని పొడిగుడ్డతో పట్టుకుని వెనక్కి తిప్పుతూ ఆరనిచ్చి, లింకుకో చుక్క చొప్పున సైకిలు గొలుసు నూనె వేయాలి. పది నిమిషాలాగి పైనున్న నూనె తుడిచేయాలి. నూనె పని లింకుల లోపలే. పైన మిగిలితే ఇసుక అంటుకుని పళ్లని గరుకు కాగితంలా అరగదీస్తుంది. బండిలోంచి తీసిన పాత ఇంజిను ఆయిలు వేస్తే జరిగేదీ ఇదే. గొలుసంతా మూసి ఉండే కవరు కలిగిన పాత రోడ్‌స్టర్‌కి ఈ బాధ చాలా తక్కువ. అది గెలిచే మొదటి చోటు ఇదే.

విజయనగరం నుంచి నెల్లిమర్ల, రామతీర్థం

పన్నెండు కిలోమీటర్ల సుమారు, కొత్తవాళ్లకి మంచి దారి. గేరు సైకిలు తొక్కేవాళ్లు సంక్రాంతి అటూ ఇటూ ఇలాంటి పల్లె రోడ్ల మీద ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. అప్పుడు ధాన్యం ఆరబోస్తారు, ఉలవలు నూర్పిడికని చెత్తతో సహా రోడ్డుకి అడ్డంగా పరుస్తారు. ఆ తీగ వెనక గేర్ల మధ్య చుట్టుకుని, గొలుసుని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే డిరైలర్‌ని స్పోకుల్లోకి లాగుతుంది. అప్పుడు డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, వంగుతుంది లేదా విరుగుతుంది. ఫ్రేము విరగకుండా తాను విరగడానికే దాన్ని పెడతారు. అయితే ఒక్కో మోడలుకి ఒక్కో ఆకారం కాబట్టి విరిగాక వెతికితే దొరకదు. సైకిలు కొన్న రోజే ఒకటి అదనంగా కొని సీటు కింద సంచిలో వేసుకోండి. పరిచిన పంట కనపడితే దిగి నడిపించుకుపోవడం ఉత్తమం. రైతు పంట పాడుకాదు, మీ గేరూ పాడుకాదు. గింజల మీద బ్రేకు పట్టినా చక్రం జారుతుంది.

రోడ్‌స్టర్‌కి డిరైలరే లేదు కాబట్టి ఇక్కడ విరిగేదీ లేదు. ఒకవేళ ఏదైనా పాడైనా, నెల్లిమర్లలోనే కాదు, ఏ మండల కేంద్రంలోనైనా దాని సామాను దొరుకుతుంది: వాల్‌ట్యూబు, కాటర్ పిన్ను, ఫ్రీవీల్, బ్రేకు కట్టలు. వెనక క్యారియరు మీద 50 కిలోల బియ్యం బస్తా మోయాలన్నా దాన్ని మించింది లేదు. గేరు సైకిళ్లలో హబ్‌కి మర తిప్పి బిగించే ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఉన్నవాటికి వెనక ఇరుసు కుడివైపు బేరింగు ఫ్రేముకి దూరంగా, లోపలికి ఉంటుంది. బరువు పడితే ఇరుసు అక్కడే వంగుతుంది, చివరికి తెగుతుంది. మనిషి 85 కిలోలు దాటినా, రోజూ సామాను మోసినా క్యాసెట్ రకం హబ్ (ఆ బేరింగు ఫ్రేముకి దగ్గరగా ఉండేది) ఉన్న హైబ్రిడ్ అడిగి తీసుకోండి.

రోడ్‌స్టర్‌కి పెద్ద లోపం వానలో బ్రేకు. తడిసిన స్టీలు రిమ్ము మీద రబ్బరు కట్ట జారుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆగే దూరానికి ఎన్నో రెట్లు ముందుకి పోతుంది. అల్యూమినియం రిమ్ము మీద వి-బ్రేకు తడిలో కూడా చాలా మెరుగు. జూన్ నుంచి తుఫానుల కాలం దాకా తడి రోడ్లుండే మనకి ఇది చిన్న విషయం కాదు.

ముళ్ల సంగతి అన్ని సైకిళ్లకీ ఒకటే. పొలం గట్ల మీద పల్లేరు కాయలు, రోడ్డు పక్క తుమ్మ ముళ్లు. పంచరు వేశాక టైరు లోపల వేలితో కాదు, గుడ్డతో తడమండి. విరిగిన ముల్లు మొన గుడ్డకి తగులుకుంటుంది, వేలిని కోయదు.

ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాట్ రోడ్డు

అనంతగిరి మీదుగా అరకు దాకా. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఊరికి దాదాపు మైదానం నుంచి ఎక్కాలి. గేర్ల లెక్క పనికొచ్చేది ఇక్కడ. అయినా గేర్ల సంఖ్య కాదు, అన్నిటికన్నా తేలికైన గేరు ఎంత తేలికన్నదే చూడాలి. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం పోతుందో చూస్తే చాలు. ముందు 48, వెనక 18 పళ్లున్న రోడ్‌స్టర్ దాదాపు 6 మీటర్లు పోతుంది. ముందు 34, వెనక 28 ఉన్న రోడ్ బైకు రెండున్నర మీటర్లు. హైబ్రిడ్‌లో ముందు 28, వెనక 34 అయినా, ముందు 24, వెనక 28 అయినా ఇంచుమించు ఒకటే, 1.8 నుంచి 1.9 మీటర్లు. ముందు 24, వెనక 34 ఉన్న మౌంటెన్ బైకు మీటరున్నర లోపే.

హైబ్రిడ్ లెక్కలో నిమిషానికి 70 చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. మోకాళ్ల మీద భారం లేకుండా గంటల తరబడి ఎక్కగల వేగమది. రోడ్‌స్టర్ మీద అదే వేగమంటే నిమిషానికి ఇరవై చుట్లు, ప్రతి చుట్టూ మెట్టెక్కినట్టే. రోడ్‌స్టర్‌ని కోట దాటించొద్దు. ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం.

దిగేటప్పుడు బ్రేకు ఒకే పనిగా పట్టి ఉంచితే రిమ్ము వేడెక్కుతుంది, ట్యూబు పేలొచ్చు. మలుపు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి, మళ్లీ వదలాలి. వైరుతో పనిచేసే డిస్కు బ్రేకైతే ప్యాడ్లు అరిగేకొద్దీ లివరు హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తుంది. ఆ దిగుడు మొదలయ్యే ముందే కాలిపర్ (ప్యాడ్లు ఉండే దిమ్మ) లోపలివైపు మరని కొద్దిగా తిప్పి ప్యాడుని డిస్కుకి దగ్గర చేయండి. దీనికి సాధారణంగా 5 ఎంఎం అలెన్ కీ చాలు.

తారు వదిలి కొండ ఊళ్ల మట్టిబాటలు పట్టేవాళ్లకి మాత్రం 2.1 టైర్ల మౌంటెన్ బైకే మేలు. ఆ ఒక్క పనికి. తారు మీద చవక సస్పెన్షన్ ఫోర్కు రెండున్నర కిలోల దాకా బరువు మోయిస్తుంది, లేచి తొక్కిన ప్రతిసారీ కుంగుతూ మీ బలం తాను తీసుకుంటుంది. వెనక కూడా స్ప్రింగు ఉన్న చవక సైకిలు ఎవరు ఎంత పొగిడినా వద్దు.

కొనే ముందు టైరు పక్కనున్న అంకె చదవండి

షాపుల్లో 28, 26 అనేస్తారు. అసలు అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. రోడ్‌స్టర్ 28×1½ అంటే 635. హైబ్రిడ్, రోడ్ బైకుల 700 అంటే 622. రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని టైరు ఇంకోదానికి కూర్చోదు. మౌంటెన్ బైకు 26 అంటే 559, పాత లేడీస్ సైకిలు 26×1⅜ అంటే 590. ఇవి కూడా కలవవు. 29 అని రాసిన మౌంటెన్ చక్రం మాత్రం 622యే.

ట్యూబు నాజిల్ కూడా చూడండి. సన్నటి ప్రెస్టా నాజిలుంటే ఊళ్లో పంపు పట్టకపోవచ్చు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి నాజిల్‌కే బిగించి ఉంచుకోండి. మోటారు సైకిలు రకం నాజిలున్న ట్యూబైతే పెట్రోలు బంకులో కూడా గాలి పట్టొచ్చు. అక్కడ మాత్రం గేజి చూస్తూ కొద్దికొద్దిగా పట్టించండి, సైకిలు ట్యూబు చిన్నది, రెండు క్షణాల్లో నిండిపోతుంది.

హైబ్రిడ్ తీసుకున్నవాళ్లు షాపు గడప దాటకముందే రెండు ట్యూబులు, ఒక హ్యాంగర్, ఆ గొలుసుకి సరిపోయే క్విక్ లింకు (తెగిన గొలుసుని తేలిగ్గా కలిపే లింకు), రెండు ప్లాస్టిక్ టైరు లివర్లు కొనుక్కోవాలి. పల్లె షాపుల్లో దొరికే రోడ్‌స్టర్ గొలుసు వెడల్పు వేరు, మీ గేర్ల మధ్యకి అది దిగదు.