పొడి కాలమ్ టెక్నీషియం జనరేటర్: వాడకంలో ఎలా ఉంది?

రోగుల స్కానింగ్‌లో వాడే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎమ్‌ను 1938లో బర్క్‌లీలో గుర్తించినవారు శాస్త్రవేత్తలు సెగ్రే, సీబోర్గ్. ప్లుటోనియంతో పేరు మోసిన సీబోర్గ్ కృషిలో రోగులకు ఎక్కువగా ఉపయోగపడుతున్నది ఇదే. దాన్ని ఆసుపత్రి బల్ల మీదికి తెచ్చింది అమెరికా ప్రయోగశాల బ్రూక్‌హేవెన్‌లో రూపుదిద్దుకున్న ఈ జనరేటర్.

లోపల అల్యూమినా నింపిన గొట్టానికి, అంటే కాలమ్‌కు పట్టుకుని మాలిబ్డినం-99 ఉంటుంది. అది క్షయిస్తూ టెక్నీషియంగా మారుతుంది, సెలైన్ దాన్ని కడిగి బయటికి తెస్తుంది. మాలిబ్డినం అర్ధాయువు (సగానికి తగ్గే సమయం) 66 గంటలు, టెక్నీషియంది 6 గంటలు. ముందు 0.9 శాతం సెలైన్ వయల్, తర్వాత సీసం కవచంలోని గాలి తీసేసిన (శూన్య) వయల్ గుచ్చాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ద్రవం రాగానే వయల్ లాగేస్తారు. గాలి కూడా పూర్తిగా లాగనివ్వాలి. కాలమ్‌లో తడి మిగిలితే రేడియేషన్ ఆ నీటిని విడగొడుతుంది, టెక్నీషియం రూపం మారి కాలమ్‌లోనే ఉండిపోతుంది, మర్నాటి దిగుబడి పడిపోతుంది.

గరిష్ఠ దిగుబడికి సుమారు 23 గంటల విరామం కావాలి. అత్యవసరమైతే 6 గంటలకే అందులో సగానికి పైగా వస్తుంది, ఇది నిజంగా గొప్ప సౌలభ్యం. సెలవుల తర్వాత వచ్చే మొదటి ఎల్యూషన్, అంటే కడిగి తీసిన ద్రవం‌తో మాత్రం ఎర్రరక్తకణాల లేబులింగ్ (వాటికి టెక్నీషియం అంటించడం) చేయకండి. 99ఎమ్ క్షయించగా పేరుకున్న టెక్నీషియం-99, అంటించడానికి కావలసిన కిట్‌లోని తగరాన్ని పంచుకుంటుంది.

ద్రవంలోకి మాలిబ్డినం జారిందేమో చూసే లీకేజీ పరీక్ష తప్పనిసరి: అమెరికా ఫార్మకోపియా పరిమితి టెక్నీషియం ఒక్కో మెగాబెకరెల్‌కు 0.15 కిలోబెకరెల్ మాలిబ్డినం (బెకరెల్ రేడియోధార్మికతకు కొలమానం). టెక్నీషియం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి ఇంజెక్షన్ వేళకు ఈ నిష్పత్తి పెరుగుతుందని మరవద్దు.

లోటల్లా ఆయుష్షే. వారం తర్వాత జనరేటర్‌లో ఆరో వంతు రేడియోధార్మికతే మిగులుతుంది.