వైజాగ్‌లో మూడు రోజులు, పదకొండు రౌండ్ల రైలు

దసరా సెలవులకి రాజమండ్రి నుంచి వైజాగ్ వెళ్ళొచ్చాం, నేను, మా ఆవిడ, ఆరేళ్ళ మావాడు. బీచ్, కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి అన్నీ బానే అయ్యాయి, అరకు రైలైతే సూపర్, మావాడు సొరంగాలు లెక్కెడుతూ ముప్ఫై దాటాక నిద్రపోయాడు. వాటి గురించి అందరూ రాస్తూనే ఉంటారు. నా కడుపుమంటంతా 4,250 పోసి కొన్న బొమ్మ రైలు గురించే.

అరకు నుంచి దిగిన దగ్గర్నుంచీ వాడికి పట్టాల మీద తిరిగే రైలు కావాలని ఒకటే గోల. జగదాంబ సైడ్ ఒక పెద్ద బొమ్మల షాపుకి తీసుకెళ్ళాం, పేరెందుకులెండి. లైటు, కూత, పొగ, డబ్బా మీద బొమ్మలు చూస్తే నాకే నోరూరింది. ఒకసారి నడిపి చూపించు బాబూ అంటే "సీల్ తీస్తే అమ్ముడైపోయినట్టే సర్" అన్నాడు. ఆ మాటకే లేచొచ్చేయాల్సింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది కూడా, నేనే వినలేదు.

మా అక్కావాళ్ళింట్లో అప్పటికే చుట్టాలు నిండిపోయారని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం, రోజుకి 1,600, నాన్ ఏసీ. గది ఇరుకు, బాత్రూం గడియ పడదు, ఎవరో ఒకళ్ళు పాట పాడుతూ ఉండాల్సిందే. కానీ రిసెప్షన్‌లో కుర్రాడు మాత్రం బంగారం, సోఫా పక్కకి జరిపి మరీ పట్టాలు వేయించాడు. రైలు సరిగ్గా పదకొండు రౌండ్లు తిరిగింది, లెక్క మావాడిది కాబట్టి అనుమానం అక్కర్లేదు. తర్వాత మోటారు గుయ్‌మంటోంది, చక్రాలు కదలవు. మావాడు ఏడవలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది.

మర్నాడు ఆటోకి 120 ఇచ్చి షాపుకెళ్తే బిల్లు వెనక చీమలంత అక్షరాలు చూపించాడు, కరెంటు బొమ్మలకి రిటర్న్ లేదట. పోనీ పార్టు తెప్పించవయ్యా అంటే "దీనికి పార్టులు రావు సర్, కొత్తది తీసుకోండి, టెన్ పర్సెంట్ తగ్గిస్తా". తిరుగు ఆటో ఇంకో 120. మా ఆవిడ దారంతా సముద్రం వైపే చూస్తూ కూర్చుంది.

విషయం తెలిసి మా బావ అల్లిపురంలో ఒక సందులోకి తీసుకెళ్ళాడు, పాత రేడియోలు, మిక్సీలు బాగుచేసే తాత దగ్గరికి. ఆయన ఇంజన్ తిరగేసి "ఏటి బాబూ ఇది, ఒక్క స్క్రూ లేదు, మొత్తం అతికేసినారు" అని బ్లేడు పెట్టి కోశాడు. మోటారు నిక్షేపంగా ఉంది, ఇరుసు మీద ప్లాస్టిక్ పళ్ళచక్రం చీలిపోయి ఊరికే జారుతోంది. గమ్ పెడితే నాలుగు రోజులు కూడా ఆగదు, దానికి సరిపడే చక్రం బయట దొరకదు అని ముఖం మీదే చెప్పేశాడు. అరగంట కూర్చున్నందుకు 50 తీసుకున్నాడు, బలవంతంగా ఇంకో 50 పెట్టొచ్చాను.

మా బావకి ఈ బొమ్మ రైళ్ళ పిచ్చి ఉంది, తన దగ్గరున్న పాత ఇంజన్ ఒకటి జేబులో పెట్టుకొచ్చాడు. రెండు స్క్రూలు తీస్తే పైడొప్ప ఊడొచ్చింది, లోపల మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, గేరు, చక్రానికి జారకుండా వేసే రబ్బరు టైరు అన్నీ విడివిడిగా ఉన్నాయి. కొనేముందు బోర్లించి స్క్రూలున్నాయో లేదో చూడాలట, లేకపోతే దండం పెట్టి వచ్చేయడమే. ఈ రైళ్ళ సైజుల్ని స్కేల్ అంటారు, హెచ్‌ఓ స్కేల్ 1:87, అంటే అసలు రైల్లో 87వ వంతు, ఇంగ్లండ్ వాళ్ళ డబుల్ ఓ 1:76, అయినా రెండింటికీ పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే కాబట్టి ఒక సెట్ పట్టాలు ఇంకోదానికి పనికొస్తాయి. ఇంకా చిన్నదైన ఎన్ స్కేల్‌కి పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లే, ముద్దుగా ఉంటుంది కానీ ఆరేళ్ళ పిల్లాడు పట్టాలెక్కించే లోపు మన ఓపిక అయిపోతుంది. హార్న్‌బీ లాంటి బొమ్మ రైళ్ళ కంపెనీలకి సర్వీస్ షీట్ ఉంటుంది, ఏ పార్టు ఏ నంబరో అందులో చూసి తెప్పించుకోవచ్చు. ఇంకోటి, అమెరికా నుంచి ఎవరైనా తెస్తుంటే అడాప్టర్ మీద రాసింది చదవండి, 120 వోల్టులదాన్ని మన 230లో పెడితే క్షణంలో కాలిపోతుంది. రైలు ఆగి ఆగి నడిస్తే ముందు రిపేరుకి పరిగెత్తొద్దు, పట్టాలు, చక్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌తో తుడవండి, సగం జబ్బులు మురికివే.

ధర మాత్రం నా 4,250కి చాలా రెట్లు. సంక్రాంతికి చూద్దాంలే అన్నాను, మావాడు క్యాలెండర్‌లో గీత కూడా పెట్టేశాడు. రెండు రోజులుగా ముభావంగా ఉన్న మా ఆవిడ అనకాపల్లి దాటాక నోరు విప్పింది: "ఈసారి షాపుకి స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళండి, పర్సు నా దగ్గరుంటుంది."