వీఎమ్‌టచ్: ఫైలులో ఎంత భాగం ర్యామ్‌లో ఉందో చూపే పనిముట్టు

సర్వర్‌ను రీబూట్ చేశాక డేటాబేస్ కాసేపు మందకొడిగా నడిచి, తరువాత దానంతట అదే పుంజుకోవడం లినక్స్ నిర్వాహకులకు కొత్తేమీ కాదు. డిస్కు మీది పేజీలు (ఫైలును విడగొట్టిన చిన్న సమాన ముక్కలు) కెర్నెల్ పేజ్ క్యాష్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం ఫైళ్ల పేజీలను ర్యామ్‌లో ఉంచుకునే చోట, చేరేదాకా ఈ తిప్పలు తప్పవని అందరికీ తెలుసు. కానీ ఏ ఫైలుకు చెందిన పేజీలు ఎన్ని చేరాయో మెమరీ వాడకం చూపే ‘ఫ్రీ’ కమాండ్ చెప్పదు, అది మొత్తం లెక్క చూపి ఊరుకుంటుంది. డగ్ హోయిట్ రాసిన వీఎమ్‌టచ్ సరిగ్గా ఆ ప్రశ్నకే జవాబిస్తుంది. ఇది ఓపెన్ సోర్స్, ఉచితం. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీగా దొరుకుతుంది.

ఇది ఫైలును ఎమ్‌మ్యాప్‌తో తన అడ్రస్ స్పేస్‌లోకి (తనకు కనబడే మెమరీ చిరునామాల పరిధిలోకి) మ్యాప్ చేసుకొని, ఏ పేజీలు ర్యామ్‌లో ఉన్నాయని మిన్‌కోర్ అనే సిస్టమ్ కాల్‌తో (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పిలిచే పద్ధతితో) కెర్నెల్‌ను అడుగుతుంది. మ్యాప్ చేసినంత మాత్రాన పేజీలు ర్యామ్‌లోకి రావు కనుక, పరీక్ష వల్ల పరీక్షిస్తున్న స్థితి చెడిపోదు. కెర్నెల్ పేజీకి ఒక బైటు చొప్పున జవాబు రాస్తుంది. అందులో చివరి బిట్ 1 అయితే ఆ పేజీ ర్యామ్‌లో ఉన్నట్టు. 4 కేబీ పేజీల యంత్రంలో 1 జీబీ ఫైలుకు ఇలా 2,62,144 జవాబులు వస్తాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన పెద్ద పట్టికలను 1 జీబీ ముక్కలుగా దాస్తుంది కాబట్టి, వివరంగా చూపే వెర్బోస్ ఆప్షన్‌తో ఆ డైరెక్టరీని చూస్తే, ఏ భాగం ర్యామ్‌లో ఉందో గీసి చూపే పట్టీ ముక్కముక్కకూ ఒకటి కనబడుతుంది. తరచూ వాడే ముక్కలు ఏవో, ఎవరూ ముట్టనివి ఏవో చూడగానే తెలిసిపోతుంది. నాకు ఈ పనిముట్టులో అన్నిటికన్నా నచ్చినది ఈ పట్టీయే. అయితే అది ఆ క్షణపు చిత్రం మాత్రమే, మనం చదివేలోపే మారిపోవచ్చు.

టచ్ ఆప్షన్ ఫైలు పేజీలన్నిటినీ ముందుగానే ర్యామ్‌లోకి రప్పిస్తుంది. పేజీలను బయటికి పంపే ఎవిక్ట్ ఆప్షన్ బెంచ్‌మార్క్‌లకు ఉపకరిస్తుంది గానీ, ఇంకా డిస్కుకు చేరని డర్టీ పేజీలనూ, వేరే ప్రక్రియలు (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు) మ్యాప్ చేసుకొని వాడుతున్న పేజీలనూ కెర్నెల్ వదలదు. కనుక ముందు సింక్ చేయడం, అంటే డర్టీ పేజీలను డిస్కుకు రాయించడం మంచిది. పేజీలను ర్యామ్‌లోంచి కదలకుండా బిగించే లాక్ ఆప్షన్ వాడేవారు, అలా ఎంత మెమరీ బిగించవచ్చో చెప్పే మెమ్‌లాక్ పరిమితి చూసుకోవాలి.

అసలు జాగ్రత్త వేరే చోట ఉంది. పేజ్ క్యాష్‌ను గమనిస్తూ ఇతర ప్రక్రియల కదలికలను పసిగట్టవచ్చని 2019లో భద్రతా పరిశోధకులు చూపించారు. దాంతో లినక్స్ 5.2 నుంచి, ఫైలుకు యజమాని కాక, దానిలో రాసే అనుమతి కూడా లేనివారికి మిన్‌కోర్ నిజం చెప్పడం మానేసింది. పొరపాటు సందేశం ఇచ్చినా బాగుండేది. అది ‘అన్ని పేజీలూ ఉన్నాయి’ అని జవాబిస్తుంది. సాధారణ యూజర్‌గా సిస్టమ్ లైబ్రరీ మీద వీఎమ్‌టచ్ నడిపి నూరు శాతం చూసి సంతోషించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) గానీ, ఫైలు యజమానిగా గానీ, అందులో రాసే అనుమతి ఉన్నవారిగా గానీ నడిపినప్పుడే ఆ అంకెకు విలువ.

ఇక ‘నా ప్రోగ్రామ్ మెమరీ ర్యామ్‌లోనే ఉందా, స్వాప్‌కు (ర్యామ్ నుంచి తీసి డిస్కులో పెట్టే చోటికి) పోయిందా’ అన్నదే మీ ప్రశ్న అయితే, వీఎమ్‌టచ్ మీకు పనికిరాదు. ఇది ఫైళ్ల పేజీలనే చూస్తుంది. ప్రోగ్రామ్ తన పనికి వాడుకునే మెమరీ భాగాలైన హీప్, స్టాక్ దీని పరిధిలో లేవు. పైగా ఒక ఫైలు పేజీ క్యాష్‌లో ఉన్నంత మాత్రాన అది మీ ప్రక్రియ పేజ్ టేబుల్‌కు (ఏ చిరునామాకు ర్యామ్‌లో ఏ పేజీయో చెప్పే పట్టికకు) ఎక్కినట్టు కూడా కాదు. మిన్‌కోర్‌ను నేరుగా పిలిచినా, పిలిచిన ప్రక్రియ తన అడ్రస్ స్పేస్‌ను మాత్రమే చూడగలదు. నడుస్తున్న మరో ప్రక్రియను పరిశీలించాలంటే కెర్నెల్ సమాచారాన్ని ఫైళ్ల రూపంలో చూపే ప్రోక్ ఫైల్ సిస్టమ్‌లో ఆ ప్రక్రియకు చెందిన ఎస్‌మ్యాప్స్ ఫైలులో ఆర్‌ఎస్‌ఎస్ (ర్యామ్‌లో ఉన్న భాగం), స్వాప్ వరుసలు చూడాలి. పేజీ స్థాయి వివరం కావాలంటే పేజ్‌మ్యాప్ ఉంది: పేజీకి 64 బిట్‌లు, 63వ బిట్ ర్యామ్‌లో ఉందని, 62వ బిట్ స్వాప్‌లో ఉందని చెబుతాయి.

కేవలం లెక్క చాలనుకునేవారికి లినక్స్ ప్రాథమిక పనిముట్ల సంపుటి యుటిల్-లినక్స్‌లో 2.30 నుంచి వస్తున్న ఫిన్‌కోర్ సరిపోతుంది. చాలా డిస్ట్రోలలో విడిగా ఏదీ దించుకోనక్కర లేదు. పట్టీ, ముందస్తు లోడింగ్, లాకింగ్ కావాలంటే మాత్రం నా ఓటు వీఎమ్‌టచ్‌కే.