చంద్రగిరి నుంచి గుడిమల్లం దాకా: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పాత కట్టడాల నమోదు

తిరుపతి చుట్టుపక్కల ఉన్న పాత కట్టడాలను కొన్నేళ్లుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నమోదు చేస్తున్నాను. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ ఇంటర్నెట్ పటాన్ని ఖాతా ఉన్నవారెవరైనా దిద్దవచ్చు. బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఐడీ ఎడిటర్ అనే దిద్దుబాటు సాధనం ఉంది కనుక వేరే సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఎవరు ఏది ఎప్పుడు మార్చారో చరిత్ర మొత్తం అందరికీ కనిపిస్తుంది.

చంద్రగిరి కోటలోని రాజమహల్, రాణీమహల్ ఏ పటంలోనైనా దొరుకుతాయి. అయితే పొలాల మధ్య పేరు లేకుండా నిలిచిన రాతి మంటపాన్ని వ్యాపార పటాల్లో చేర్చబోతే ఫోన్ నంబరూ, తెరిచి ఉండే వేళలూ అడుగుతారు. మంటపానికి వేళలేమిటి? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అది శిథిలమా, స్మారకమా, పురావస్తు స్థలమా అన్నది ట్యాగుతో, అంటే రకాన్ని తెలిపే చిన్న గుర్తింపు మాటతో, చెబితే సరిపోతుంది, పేరు లేకపోయినా ఫర్వాలేదు. తెలుగు పేరుకు ప్రత్యేకమైన గడి ఉంది. కట్టిన సంవత్సరం తెలియనప్పుడు శతాబ్దం మాత్రమే రాసే వీలు ఉండటం నాకు అన్నింటికంటే నచ్చింది.

కాలం రాసే ఆ గడి పరిమితి గుడిమల్లంలో తెలుస్తుంది. అక్కడి పరశురామేశ్వరాలయంలోని శివలింగం క్రీస్తు పూర్వపుదని చాలామంది పండితులు భావిస్తారు. దాని మీద నేడు నిలిచి ఉన్న రాతిగుడి ఎన్నో శతాబ్దాల తరువాతది. పటంలో గీసిన గుడి ఆకారానికి లింగం కాలాన్ని తగిలిస్తే పటం అబద్ధం చెప్పినట్టవుతుంది. అందుచేత గుడికి గుడి కాలమే ఇచ్చి, లింగం సంగతిని వివరణ గడిలో విడిగా రాయడం మేలు.

నేల మీద ఇప్పుడు కనిపించేదే పటంలో ఉండాలన్నది ఇక్కడి మూల నియమం. 1782లో హైదర్ అలీ చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో మరణించాడు. అక్కడ గుర్తుగా కట్టడమో శిలో ఉంటే దాన్ని చేర్చవచ్చు గాని, మరణమనే సంఘటనను చేర్చకూడదు. మాయమైన వాటి కోసం ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ అనే సోదర ప్రాజెక్టు ఉంది. కాపీరైట్ ఉన్న ఇతర పటాల నుంచి అనుమతి లేకుండా నకలు చేయడం కూడా నిషిద్ధం. అనుమతి ఉన్న ఉపగ్రహ చిత్రాల మీద గీయవచ్చు గాని, చింతచెట్ల కింది మంటపం పై నుంచి కనిపించదు కాబట్టి అక్కడికి నడిచి వెళ్లి ఫోన్‌లో స్థానం గుర్తించుకోవలసిందే.

ఫొటోలను ఈ పటం తనలో దాచుకోదు, వికీమీడియా కామన్స్ అనే ఉచిత చిత్రాల భాండాగారంలో పెట్టి లంకె ఇవ్వాలి. మనం శ్రద్ధగా రాసిన కాలం, వివరణ పటం ముఖం మీద కనిపించవు, వస్తువును ఎంచుకుని వివరాలు తెరిచి చూడాలి. ఇంత శ్రమకు ఇంత తక్కువ కనబడటం కొత్తవారిని నిరుత్సాహపరచవచ్చు.

ఒక విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గుతాను. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లను తవ్వే ముఠాలు రాయలసీమకు కొత్త కాదు. కాపలా లేని చోట ఎత్తుకుపోగల వీరగల్లులను (వీరుల స్మారక శిలలను), విగ్రహాలను ఊరి పెద్దలను అడగకుండా నేను పటంలో పెట్టను. వారు వద్దంటే ఆ వివరం నా నోటుపుస్తకంలోనే ఉంటుంది.