వేట నిషేధమా, సంఖ్యకు లిమిటా, సైజు రూలా: సరదా చేపల వేటకు ఏది మేలు?

ఏప్రిల్ నెలాఖరు అనుకోండి. మిన్నెసోటాలో ఉండే మనవాడు వాల్‌ఐ చేప కోసం గాలం వేయకూడదు. మే నెలలో సీజన్ తెరిచేదాకా ఆగాల్సిందే. అదే రోజు టెక్సస్‌లో ఉండే అతని బావమరిది లార్జ్‌మౌత్ బాస్ అనే చేప గూడు కట్టుకుని గుడ్లు కాస్తున్న చోటికే ఎర విసిరి, పద్నాలుగు అంగుళాలు తగ్గనివి ఐదు ఇంటికి తెచ్చుకోవచ్చు. చట్టం దృష్టిలో ఇద్దరూ సరిగ్గానే ఉన్నారు. "మీకు సీజనే లేదా? ఇక చేపలేం మిగులుతాయి?" అని ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు, "సగం ఏడాది మంచే, దాని మీద నిషేధం కూడానా?" అని డాలస్ వాళ్లు వాదించుకోవడం చాలాసార్లు విన్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. "రోజుకు ఇన్ని చేపలు" అనే రూలు మీద మనకున్నంత నమ్మకం నాకు లేదు. సీజన్ మూయడం, సైజు చూసి వదిలేయడం ఈ రెండింట్లో ఏది పెట్టాలో ఆ చేప గుడ్లు పెట్టే పద్ధతిని బట్టి, నీళ్ల వేడిని బట్టి తేల్చుకోవాలి. ఒక రాష్ట్రానికి నప్పింది పక్క రాష్ట్రానికి నప్పాలని లేదు.

సీజన్ మూసేయడం

వేట నిషేధం మనకు కొత్త కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. ఆ రెండు నెలలకు మత్స్యకారులకు ప్రభుత్వం భృతి కూడా ఇస్తుంది, ఎందుకంటే అది వాళ్ల బతుకుతెరువు. సరదాకి గాలం వేసేవాడికి నిషేధం వల్ల పోయేది శనివారం పొద్దు మాత్రమే. అందుకే ఇలాంటి వేటకు సీజన్ మూయడం ప్రభుత్వాలకు ఖర్చు లేని పని.

వాల్‌ఐకి ఇది చక్కగా సరిపోతుంది. మంచు కరగ్గానే, నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే, ఈ చేపలు గుంపులు గుంపులుగా ఏరుల్లోకీ రాళ్లుండే లోతు తక్కువ ఒడ్లకూ చేరతాయి. సరస్సంతా చెదిరి ఉండాల్సిన తల్లిచేపలు ఆ కొద్ది రోజులూ ఒక్కచోట దొరుకుతాయి. అక్కడ నాలుగు పడవలు నిలబడ్డాయంటే పని అయిపోతుంది. మిన్నెసోటాలో ఫిబ్రవరి చివర్లో మూసిన సీజన్‌ని మే నెలలో, మెమోరియల్ డే వారాంతానికి రెండు వారాల ముందు శనివారం తెరుస్తారు. ఆ రోజు అక్కడ పండగే. 1948 నుంచి గవర్నర్లు కూడా ఆ వేడుకలో గాలం పట్టుకుంటున్నారు.

సీజన్ రూలులో నాకు నచ్చేది, దాన్ని అమలు చేయడం తేలిక. తేదీకి తగువు ఉండదు. స్కేలు అక్కర్లేదు, లెక్కపెట్టక్కర్లేదు. నిషేధం ఉన్న రోజున వాల్‌ఐ సంచిలో ఉందంటే తప్పే.

అయితే తేదీలు ఒక్కోసారి అలవాటుగా మిగిలిపోతాయి. ఇంగ్లండ్ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కోర్స్ ఫిషింగ్, అంటే సాల్మన్, ట్రౌట్ జాతులు కాని చేపల వేట, బంద్. దీనికి మూలం 1878 నాటి చట్టం. 1995లో చాలా చెరువులకూ సరస్సులకూ, 2000లో చాలా కాలువలకూ ఆ నిషేధం ఎత్తేశారు. నదులకు మాత్రం ఉంచారు. ఒకే జాతి చేప కాలువలో ఉంటే పట్టుకోవచ్చు, పక్కనున్న నదిలో ఉంటే పట్టకూడదు. అక్కడి వేటగాళ్లు ఇప్పటికీ రెండు వర్గాలుగా వాదించుకుంటున్నారంటే ఆశ్చర్యం లేదు.

మరి టెక్సస్‌లో బాస్‌కు సీజన్ ఎందుకు లేదు? అక్కడ బాస్ ఫిబ్రవరి నుంచి మే దాకా, ఒక్కో సరస్సులో ఒక్కో వారం గుడ్లు పెడుతూనే ఉంటుంది. అన్నిటినీ కాపాడాలంటే వేటకు బాగుండే వసంతమంతా మూసేయాలి. పైగా ఎదిగే కాలం పొడవు కాబట్టి పిల్లలు త్వరగా పెరుగుతాయి. అదే బాస్‌కు కెనడాలోని అంటారియోలో చాలా చోట్ల జూన్ దాకా వేట ఉండదు. అక్కడ వేసవి పొట్టిది. గూడు కాసే మగచేపను గాలంతో పైకి తీసి, ఫొటో దిగి వదిలేలోపే బ్లూగిల్ చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. చేపను బతికుండగానే వదిలామని మనం సంతోషపడతాం, అక్కడ గూడు ఖాళీ. ఇంత చిన్న వేసవిలో మళ్లీ గూడు కట్టే వ్యవధి ఉండదు కాబట్టి అంటారియో పద్ధతి అంటారియోకు సరైనదే.

రోజుకు ఇన్ని

అందరికీ అర్థమయ్యే రూలు ఇదే. టెక్సస్‌లో రోజుకు ఐదు బాస్, ఇరవై ఐదు క్రాపీ. చానెల్, బ్లూ క్యాట్‌ఫిష్ రెండూ కలిపి ఇరవై ఐదు, వాటిలో ఇరవై అంగుళాలు, ఆపైన ఉన్నవి పదికి మించకూడదు. (కొన్ని సరస్సులకు వేరే లెక్క ఉంది.) ఇంటి ఫ్రీజర్‌కి చేరేలోపు దగ్గర ఉంచుకోగలిగేది రోజు లిమిట్‌కి రెండింతలు.

ఇందులో చిక్కు ఏమిటంటే, చాలామంది ఏ రోజూ లిమిట్ దాకా వెళ్లరు. ఒకటో రెండో పడతాయి, లేకపోతే ఒట్టి చేతులు. కాబట్టి ఆరును ఐదు చేసినా, ఐదును నాలుగు చేసినా సరస్సులో మిగిలే చేపల్లో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది బాగా పట్టే కొద్దిమంది దగ్గరే. రెండో చిక్కు ఇంకా పెద్దది. లిమిట్ మనిషికే గానీ సరస్సుకు కాదు. మనిషికి ఐదు అన్నారు సరే, మనుషులు ఎంతమంది అన్నది ఎవరూ అడగరు. లైసెన్సు కొన్న ప్రతివాడికీ తన ఐదు ఉన్నాయి. మూడోది మనసుకు సంబంధించింది. లిమిట్ అనగానే అది టార్గెట్ అయిపోతుంది. "ఇవాళ లిమిట్ కొట్టాం" అని ఫొటో పెట్టేవాడు నాలుగో చేపతో తృప్తిపడేవాడేమో, ఐదు అని రాసి ఉండబట్టి ఐదోదాకా కూర్చుంటాడు.

అలాగని తీసి పారేయను. ఊళ్లో పార్కు చెరువులకు ఇదే సరైన రూలు. టెక్సస్‌లో కమ్యూనిటీ ఫిషింగ్ లేక్స్ అని చిన్న చెరువులున్నాయి. వాటిలో క్యాట్‌ఫిష్ రోజుకు ఐదే, కనీస సైజు లేదు, మనిషికి రెండు గాలాలకు మించి వేయకూడదు. ప్రభుత్వమే చేపలు తెచ్చి వదిలే చోట గుడ్ల గురించి బెంగ దేనికి? వచ్చిన పిల్లలందరికీ తలా ఒకటి దొరకాలి, అంతే. ఇక్కడ సంఖ్యా పరిమితి చేపల్ని కాపాడటానికి కాదు, పంపకానికి. ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

సైజు రూలు

డాలస్‌కి తూర్పున రెండు గంటల లోపు దూరంలో లేక్ ఫోర్క్ ఉంది. పెద్ద బాస్ పిచ్చి ఉన్నవాళ్లకు అది తిరుపతి లాంటిది. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరిలో అక్కడే పడింది. అక్కడి రూలు రాష్ట్రమంతటి పద్నాలుగు అంగుళాల రూలు కాదు. పదహారు అంగుళాల లోపువి ఉంచుకోవచ్చు, పదహారు నుంచి ఇరవై నాలుగు మధ్యవి వదిలేయాలి, ఇరవై నాలుగు, ఆపైన ఉన్నది ఒక్కటి తీసుకోవచ్చు. దీన్నే స్లాట్ అంటారు.

మామూలు కనీస సైజు రూలు చిన్నవాటిని కాపాడి పెద్దవాటిని మనకు వదిలేస్తుంది. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ పెద్ద ఆడచేప కడుపులో ఉండే గుడ్లు చిన్నదాని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పెరగనిచ్చి, సరిగ్గా గుడ్లకు పనికొచ్చే వయసులో ఎత్తుకెళ్లమని చెప్పే రూలు అది. స్లాట్ దాన్ని తిరగేసింది. చిన్నవి కొన్ని తినండి, తిండికి పోటీ తగ్గుతుంది. మధ్యలోవి వదలండి, అవే రేపటి పెద్ద చేపలు. వేటగాడి సరదా కోసమైనా, సరస్సు కోసమైనా కాగితం మీద నాకు దీన్ని మించినది కనిపించదు.

కాగితం దాటితే వేరే కథ. స్లాట్ పనిచేయాలంటే జనం చిన్నవాటిని నిజంగా తినాలి. అమెరికాలో బాస్ పట్టేవాళ్లలో ఎక్కువమంది ఏ సైజుదైనా ముద్దుపెట్టి వదిలేసే రకం. చిన్నవి అలాగే ఉండిపోతే తిండి చాలక ఎదుగుదల మందగిస్తుంది. చేప తినే మనవాళ్లు పద్నాలుగంగుళాల బాస్‌ను పులుసు పెట్టుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. లేక్ ఫోర్క్‌లో అది సరస్సుకు మేలే.

ఇంకో తలనొప్పి కొలత. నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. పావు అంగుళం దగ్గర టెన్షన్ మొదలవుతుంది. సైజు రూలు ఉన్న చేపను నీళ్ల మీద ఉండగానే తలా తోకా తీసి ముక్కలు కొట్టకూడదు, వేట ముగించి ఒడ్డుకు చేరాకే. ఇది తెలియక ఇరుక్కునేది ఎక్కువగా మనలాంటి కొత్తవాళ్లే. చిన్న ఉల్లంఘనకే 25 నుంచి 500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

వదిలేస్తే బతుకుతుందా?

సైజు రూలంతా ఒక నమ్మకం మీద నిలబడి ఉంది: వదిలిన చేప బతుకుతుందని. లోతు నుంచి లాగినప్పుడూ, నీళ్లు వేడెక్కినప్పుడూ ఆ నమ్మకం సడలుతుంది. లేక్ ఫోర్క్‌లోనే చలికాలం క్రాపీ రూలు చూడండి. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా క్రాపీకి కనీస సైజు లేదు, పైగా పట్టిన ప్రతిదీ ఉంచుకుని తీరాలి, వదలకూడదు. చలికి లోతుకు దిగిన చేపను పైకి లాగితే ఒత్తిడి తేడాకు లోపల దెబ్బతింటుంది. వదిలినా చస్తుంది. చచ్చేదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టడం కంటే, పట్టినవి లెక్కలో వేసి ఇరవై ఐదు కాగానే గాలం కట్టేయమనడం తెలివైన పని. ఇక్కడ సంఖ్యా పరిమితికి నిజమైన పని దొరికింది.

మిన్నెసోటాలోని మిల్ లాక్స్ సరస్సు కథ ఇంకా చేదు. అక్కడ మనిషికి ఇన్ని అనే లిమిట్‌తో పాటు, సరస్సు మొత్తానికి ఏడాదికి ఇన్ని పౌండ్ల వాల్‌ఐ అని కోటా ఉంది. అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న 1837 ఒప్పందం కింద అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగలకు అక్కడ వేట హక్కు ఉందని 1999లో అమెరికా సుప్రీంకోర్టు 5–4తో తేల్చింది. ఆ కోటాను రాష్ట్రమూ తెగలూ పంచుకుంటాయి. 2015లో రాష్ట్రం వాటా 28,600 పౌండ్లు. అది దాటిపోవడంతో ఆగస్టు మొదట్లోనే వాల్‌ఐ వేట ఆపేశారు. మరుసటి ఏడాది పట్టినా వదిలేయాల్సిందే అన్నారు. 2017లోనూ అదే రూలు. అయినా ఆ జూలైలో వేట మళ్లీ ఆపాల్సి వచ్చింది. ఒక్క చేప కూడా ఇంటికి పోని రూలుకు కోటా ఎలా కరిగింది? వేసవి నీళ్లలో గాలం దెబ్బ తిని, వదిలాక చచ్చిపోయేవాటిని కూడా కోటాలో కలుపుతారు.

ఒడ్డున రిసార్టులు, పడవల వాళ్లు ఎంత నష్టపోయారో ఊహించవచ్చు. అయినా నిజాయితీ ఉన్న లెక్క అదొక్కటే అంటాను. మనిషికి లిమిట్ పెట్టినప్పుడు ఎవరూ అడగని "మొత్తం ఎన్ని?" అనే ప్రశ్నను అడిగింది కోటానే. కాకపోతే దానికి ఏడాదికోసారి సరస్సులో చేపల్ని అంచనా కట్టాలి, ఒడ్డున వేటగాళ్లను అడిగి లెక్క రాసుకోవాలి. డబ్బూ మనుషులూ ఉన్న ఒకటి రెండు పెద్ద సరస్సులకు తప్ప ఇది అయ్యే పని కాదు.

కోటాను పక్కన పెడితే, చల్లని దేశంలో గుంపుకట్టి గుడ్లు పెట్టే చేపకు సీజన్ మూయడమే మేలు. వెచ్చటి జలాశయంలో పెద్ద చేపలు కావాలంటే స్లాట్, అదీ చిన్నవాటిని తినే జనం ఉంటేనే. ప్రభుత్వం చేపలు తెచ్చి పోసే పార్కు చెరువుకు చిన్న సంఖ్య చాలు. లోతులో లాగే చోట, ఎండాకాలం వేడి నీళ్లలో "వదిలేద్దాంలే" అన్న ధీమాతో పడుతూ ఉండటం కంటే తినడానికి కావలసినవి పట్టుకుని లేచిపోవడం మేలు.

మన చేపల్ని ఇందులో ఎక్కడ పెడతాం? బొచ్చె, శీలావతి తొలకరి వరదకు ఎదురెక్కి గుడ్లు పెడతాయి. వాగు మళ్లిన చోట మావులు (చేపలు పట్టే బుట్టలు) పెట్టి, వలలు అడ్డుకట్టి పట్టేది కూడా అప్పుడే. ఇది అచ్చం వాల్‌ఐ కథ, కాబట్టి వానాకాలం నిషేధమే దారి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను బాస్ లాంటిది. ఎర్రటి పిల్లల గుంపు నీటి పైకి తేలుతుంటే తల్లీతండ్రీ కిందే కాపలా తిరుగుతాయి. గాలం వేసేవాడు ఆ గుంపును చూసే ఎర వేస్తాడు, కాపలా చేప కోపంతో వచ్చి పట్టుకుంటుంది. దానికి పద్నాలుగంగుళాల రూలు పెట్టినా, రోజుకు రెండే అని పెట్టినా ఏం లాభం? ఆ ఒక్క చేప పోతే గుంపంతా పక్క చేపలకు మేత. పిల్లలు తేలుతున్న చోట గాలం వేయకూడదన్న ఒక్క నియమం చెరువు కట్ట మీద నిలబడితే, అది పై లిమిట్లన్నిటి కంటే ఎక్కువ కొర్రమీనుల్ని మిగులుస్తుంది.