పిల్లల బొమ్మ కొంటే ఏది చూడాలి: దేశం పేరా, ఐఎస్ఐనా, జీఐనా?

రిమోట్ కారు అడిగితే షాపువాళ్లు ముందు చెప్పేది ఒకటే: "చైనాది కాదు సార్, మన ఇండియాదే." ఆ మాటకే మనం సగం మెత్తబడిపోతాం.

అది నిజమే కావచ్చు. కానీ కారు బాడీ ఇక్కడ పోసి, లోపలి మోటారూ సర్క్యూటూ బయటి నుంచి తెప్పించినా డబ్బా మీద కనిపించేది ఒక్క దేశం పేరే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలకు మాత్రం ఆ 70 వర్తించదు. అలాంటప్పుడు భాగాలు తెచ్చి ఇక్కడ బిగించుకోవడమే లాభం కదా! ఇక 890తో మొదలయ్యే బార్‌కోడ్ ఉంటే ఇండియా సరుకేనన్న వాట్సాప్ మెసేజ్‌ని వదిలేయండి. కంపెనీ ఆ నంబరు ఏ దేశంలో తీసుకుందో తప్ప అది ఇంకేం చెప్పదు.

నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకైతే నా ఓటు ఐఎస్ఐకే, అంటే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చే ముద్రకే. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. చిన్న ముక్కలు ఊడొస్తాయా, అంచులు గీసుకుంటాయా, రంగులో సీసం ఎంతుంది, ఇవన్నీ పరీక్షిస్తారు. విదేశీ ఫ్యాక్టరీలకూ ఈ లైసెన్సు ఇస్తారు. కాబట్టి ముద్ర ఉన్న విదేశీ బొమ్మ, ముద్ర లేని స్వదేశీ బొమ్మ పక్కపక్కన ఉంటే నేను మొదటిదే తీసుకుంటాను. ముద్ర కింద సీఎం/ఎల్ (CM/L) అని ఒక లైసెన్సు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. డబ్బా మీది పేరుతో కలవకపోతే అక్కడే పెట్టేసి రండి.

జీఐ (భౌగోళిక గుర్తింపు) దారి వేరు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో వచ్చింది, కొండపల్లి బొమ్మలకు అంతకుముందే ఉంది. ఏ ఊరు, ఏ పనితనం అన్నదానికి అది పూచీ. జీఐ కింద నమోదైన తయారీదారుల బొమ్మలకు ఐఎస్ఐ నుంచి మినహాయింపు కూడా ఉంది. అంకుడు కర్ర మీద లక్కతో, చెట్ల రంగులతో చేసిన ఏటికొప్పాక బొంగరం పిల్లాడి చేతికివ్వడానికి నాకు టెన్షన్ లేదు. కొండపల్లి ఎడ్లబండిని మాత్రం కొలువులోనే పెడతాను. ఇప్పుడు ఎనామిల్ రంగులు వేసేవాళ్లూ ఉన్నారు మరి. రెండూ ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి షోరూముల్లో దొరుకుతాయి.

అయితే దేశం పేరు దండగా? కాదు. మన డబ్బు ఇక్కడివాళ్ల పనికే వెళ్లాలనుకుంటే చూడాల్సింది దాన్నే, లోపలి భాగాల సంగతి గుర్తుపెట్టుకుని. దిగుమతి బొమ్మ మీద దేశంతోపాటు దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే పనికొచ్చేది ఆ చిరునామానే.

ఆన్‌లైన్లో దేశం పేరు చూపించాలని రూల్ ఉంది కాబట్టి వివరాల అడుగున ఎక్కడో పెడతారు. సీఎం/ఎల్ నంబరు ఫొటోల్లో కనపడకపోతే అమ్మకందారుని అడగండి. జవాబు రాలేదా, ఆ బొమ్మ కార్ట్‌లోంచి తీసేయండి.