'ఫుల్ బిమ్' అని కొటేషన్ చేతిలో పెట్టారా? విజయనగరం, శ్రీకాకుళంలో కట్టేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

బిమ్ అంటే బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, కట్టకముందే బిల్డింగంతా కొలతలతో, వివరాలతో కంప్యూటర్లో 3డి మోడల్‌గా చేసుకోవడం. "మీ బిల్డింగు మొత్తం బిమ్‌లో చేసిస్తాం, సైటులో ఒక్కచోట కూడా పగలగొట్టే పని రాదు" అని ఎవరైనా చదరపు అడుగు లెక్కన రేటు చెప్తే ముందు మూడు విషయాలు అడగండి. పైపులూ ఏసీ డక్టులూ మోడల్లో ఉంటాయా? కడ్డీలు ఉంటాయా? అసలు ఫైలు మా చేతికిస్తారా? ఈ మూడూ కాగితం మీద రాసి సంతకం పెట్టకపోతే ఒక్క రూపాయి కూడా కట్టకండి. మా డబ్బు పోయింది, అంతకంటే ముఖ్యంగా కట్టిన బిల్డింగులో మళ్లీ సరిచేయలేని లోపం మిగిలింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా అక్కా బావా ఇద్దరూ డాక్టర్లు. విజయనగరంలో సొంత ఆసుపత్రి కడుతున్నారు. కింద పార్కింగు, పైన మూడంతస్తులు. సైటు పని నేను చూస్తున్నాను. ఆసుపత్రి అంటే మామూలు ఇల్లు కాదు. ఆక్సిజన్ లైన్లు, ఆపరేషన్ థియేటరు ఏసీ, ప్రతి వార్డుకీ టాయిలెట్లు, జనరేటరు కేబుళ్లు అన్నీ ఒకే సీలింగు పైన ఇరుక్కుని వెళ్లాలి. అందుకే బిమ్ చేయిద్దామన్నారు బావగారు. ఆయన ఆలోచన సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. మేం డబ్బు పెట్టిన కన్సల్టెన్సీ పేరు మాత్రం ఇక్కడ రాయను. ల్యాప్‌టాప్‌లో రంగురంగుల బిల్డింగు తిప్పి చూపించారు, వాకింగ్ వీడియో చూపించారు, ముప్పావు వంతు డబ్బు ముందే తీసుకున్నారు.

పని సరిగ్గా జరిగితే ఎలా ఉండాలో చెప్తాను. ఆర్కిటెక్టు గోడలు, స్ట్రక్చరల్ ఇంజనీరు పిల్లర్లూ బీములూ, ప్లంబింగు, ఏసీ, కరెంటు వాళ్ల లైన్లు, అన్నీ ఒకే కొలతల మీద ఒకేచోట కలవాలి. బీము లోతు 450 నుంచి 600 మిల్లీమీటర్లయితే ఆ మార్పు సెక్షన్ డ్రాయింగులో, కాంక్రీటు లెక్కలో, దాని కింద వెళ్లే డక్టు ఎత్తులో వెంటనే తెలిసిపోవాలి. సాయిల్ రిపోర్టు వచ్చి ఫుటింగులు (పునాదులు) మారితే మోడలూ మారాలి. సైటుకొచ్చే ప్రతి షీటూ ఆ మోడల్లోంచే రావాలి. మాకు జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన 2డి డ్రాయింగులు ముందు పెట్టుకుని, వాటిని చూసి 3డి బొమ్మ గీశారు. డ్రాయింగులు రెండుసార్లు మారాయి, బొమ్మ ఒక్కసారీ మారలేదు.

అది బయటపడింది మొదటి అంతస్తు శ్లాబు సెంట్రింగు విప్పాక. వార్డు టాయిలెట్ల నుంచి షాఫ్టుకి (పైపులు నిలువుగా దిగే ఖాళీకి) 110 మిల్లీమీటర్ల డ్రైన్ పైపు 8 మీటర్లు వెళ్లాలి. 40కి 1 వాలు ఇస్తే చివరికి వచ్చేసరికి 200 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. దారిలో అడ్డంగా 600 లోతు బీము, అది కూడా పిల్లరు పక్కనే. మా మేస్త్రి పైకి చూసి, "ఏటి బాబూ, ఈ గొట్టం బీముని పొడుసుకుని ఎల్లాలేటి?" అన్నాడు. ఆయనకి నిమిషంలో కనిపించింది ఆ కన్సల్టెన్సీ మోడల్లో ఎందుకు కనిపించలేదంటే, అందులో పైపే లేదు. వాళ్లిచ్చిన క్లాష్ రిపోర్టులో, అంటే మోడల్లో ఏది దేనికి తగులుతుందో చెప్పే రిపోర్టులో, మాత్రం 'జీరో క్లాష్' అని పచ్చరంగులో ఉంది. గోడలకీ పిల్లర్లకీ మధ్య మాత్రమే చూసి ఆ రిపోర్టు తీశారు. ఇలాంటి బిల్డింగుకి పైపులు, డక్టులు అన్నీ పెట్టి నిజాయితీగా తీసిన మొదటి రిపోర్టులో వందల కొద్దీ తగులుళ్లు రావడం మామూలే. వాటిని ఒక్కొక్కటీ ఎవరు ఎలా తీర్చారో రాసి ఉండాలి. మొదటిసారే సున్నా అని ఇస్తే అనుమానించండి.

కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "కోర్ కటింగ్ చేసేయండి సార్, అందరూ చేస్తారు" అన్నారు. అంటే మెషిన్‌తో బీముకి రంధ్రం కొట్టడం. మా స్ట్రక్చరల్ ఇంజనీరు గట్టిగా వద్దన్నారు. పిల్లరు దగ్గరే బీము మీద షియర్ (బీముని అడ్డంగా కోసే బలం) ఎక్కువ, అక్కడ కోస్తే రింగులు (కడ్డీల చుట్టూ కట్టే ఇనుము) తెగుతాయి, కింది కడ్డీ కూడా తెగొచ్చు. బీములోంచి పైపు పోవాల్సిందే అయితే పోత పోయకముందే స్లీవు (పైపు పట్టేంత గొట్టం) పెట్టాలి, అదీ పిల్లరుకి దూరంగా, బీము లోతుకి నడిమధ్యన, చుట్టూ అదనపు ఇనుముతో. ఆ సమయం దాటిపోయింది. చివరికి పైపుని బీము కిందనుంచి తిప్పాం.

దాంతోపాటే డక్టు సంగతీ తేలింది. అంతస్తు ఎత్తు 3,300 మిల్లీమీటర్లు. బీము 600 తీసేస్తే 2,700. డక్టూ దాని ఇన్సులేషనూ హ్యాంగర్లూ కలిపి 350 పోతే 2,350. ఫాల్స్ సీలింగు ఫ్రేమూ లైట్లూ పోతే 2,200. స్ట్రెచరు పక్కన సెలైన్ స్టాండు పట్టుకుని నడిచే కారిడారుకి ఆ ఎత్తు మిగిలింది. డిజైన్ అప్పుడే తెలిసి ఉంటే బీముని వెడల్పు చేసి లోతు తగ్గించేవారు, లేదా అంతస్తు ఎత్తే పెంచేవారు. పోత అయిపోయాక రెండూ కుదరవు. అక్క ప్రతి రౌండులోనూ ఆ సీలింగు కిందనే నడవాలి.

ఇనుము లెక్క ఇంకో దెబ్బ. ఘనపు మీటరు కాంక్రీటుకి ఇన్ని కిలోలని గుండుగుత్తగా వేసేసి, దానికి 'మోడల్ నుంచి తీసిన బీబీఎస్' అని పేరు పెట్టారు. బీబీఎస్ అంటే ప్రతి కడ్డీ సైజూ పొడవూ వంపూ రాసే పట్టిక. మోడల్లో ఒక్క కడ్డీ లేదు. కడ్డీ ఉంటేనే కదా దాని పొడవు, ల్యాపు (రెండు కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి కలిసే పొడవు), వంపు తెలిసేది. ఆ లెక్క నమ్మి ఆర్డరు పెడితే 12 ఎంఎం మిగిలిపోయింది, 20 ఎంఎం చాల్లేదు. కాంక్రీటూ అంతే. మోడల్లో శ్లాబునీ బీమునీ ఒకదానితో ఒకటి జాయిన్ చేయకపోతే రెండూ కలిసే భాగం రెండుసార్లు లెక్కకొస్తుంది. 300 మిల్లీమీటర్ల వెడల్పు బీము మీద 150 మిల్లీమీటర్ల మందం శ్లాబు అనుకోండి, మీటరుకి 0.045 ఘనపు మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. 100 మీటర్ల బీములకి 4.5 ఘనపు మీటర్లు. అది ఒక రెడీమిక్స్ లారీలో సగానికి పైనే.

ఎన్నోసార్లు అడిగాక ఐఎఫ్‌సీ ఫైలు (వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే మోడల్ ఫైలు) ఇచ్చారు. శ్రీకాకుళంలో తెలిసిన ఒక ఇంజనీరు దాన్ని ఉచిత వ్యూయర్లో తెరిచి చూపించారు. ఏ పిల్లరు మీద నొక్కినా మెటీరియల్ దగ్గర 'డిఫాల్ట్'. డ్రాయింగులో ఎం30 (కాంక్రీటు బలం గ్రేడు) అని స్పష్టంగా ఉంది. ఇదేం చిన్న విషయం కాదు. పూసపాటిరేగ, కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతంలో కట్టేవాళ్లకి ఐఎస్ 456 (కాంక్రీటు మీద మన జాతీయ ప్రమాణం) ప్రకారం ఉప్పుగాలికి తగిలే కాంక్రీటు 'సివియర్' (తీవ్రమైన వాతావరణం) కింద వస్తుంది. కనీసం ఎం30, కవరు (కడ్డీ మీద కాంక్రీటు మందం) 45 మిల్లీమీటర్లు. ఈ సమాచారం మోడల్లో లేకపోతే అందులో బొమ్మ తప్ప ఇంకేం లేదు.

గాలి సంగతి కూడా అడగండి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలు ఏమయ్యాయో మర్చిపోలేం. 2015లో సవరించిన ఐఎస్ 875 మూడో భాగం (గాలి లెక్కల ప్రమాణం), తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టే ఆసుపత్రి, స్కూలు లాంటి వాటికి లెక్కలో గాలి వేగాన్ని పెంచే తుపాను గుణకం 1.30 వేయమంటుంది. మీ స్ట్రక్చరల్ ఇంజనీరు అది వేశారో లేదో డిజైన్ బేసిస్ రిపోర్టులో (డిజైన్ దేని ఆధారంగా చేశారో చెప్పే రిపోర్టులో) రాసివ్వమనండి, దాన్ని మోడలుతో కలిపే తీసుకోండి. మాది ఆ విషయంలో సరిగానే ఉంది. పుణ్యం మా ఇంజనీరుది, కన్సల్టెన్సీది కాదు.

బ్రోచర్లో 'ఎల్‌ఓడీ 500' అని కనిపిస్తే అక్కడే ఆగండి. మోడల్లో ఎంత వివరం ఉందో, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే అంకె అది. 300 అంటే సైజు, ఆకారం, స్థానం కచ్చితంగా ఉన్నట్టు. 350లో ఒకదానికొకటి ఎక్కడ తగులుతాయో కూడా ఉంటుంది. 400 ఫ్యాబ్రికేషన్‌కి సరిపోయేది. 500 అంటే కట్టేశాక సైటులో కొలిచి సరిచూసినది. పునాది తవ్వకముందే 500 ఇస్తామనేవాళ్లకి ఆ అంకె అర్థం తెలియదు, లేదా మీకు తెలియదని ధీమా. ఇలాంటి బిల్డింగుకి పిల్లర్లు, బీములు, పైపులు, డక్టులకి 350 అని రాయించుకుంటే చాలు, కడ్డీల సంగతి విడిగా రాయించండి.

అగ్రిమెంటులో ఫైళ్ల గురించి ఒక లైను తప్పనిసరి. రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ఆ ఒరిజినల్ ఫైలు, ఏ సంవత్సరం వెర్షనో, దాంతోపాటు ఐఎఫ్‌సీ కూడా. కొత్త వెర్షన్లో సేవ్ చేసిన రెవిట్ ఫైలు పాత వెర్షన్లో తెరుచుకోదు, ఆ సాకుతో తిప్పుతారు. "అది మా కంపెనీ ఆస్తి" అన్న జవాబు మాకు ఎదురైంది. డబ్బుని దశలవారీగా కట్టండి. డ్రాయింగు మారిన ప్రతిసారీ మోడల్ మార్చి, క్లాష్ రిపోర్టు కొత్తగా ఇచ్చాకే తర్వాతి వాయిదా. ఇంకో ముఖ్యమైన సంగతి: 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి తీసుకున్న సేవని తన పరిధిలోకి తీసుకోదు, సొంత జీవనోపాధికి మాత్రం మినహాయింపు ఉంది. ఆసుపత్రి, లాడ్జి, కల్యాణ మండపం కట్టేవాళ్లతో అవతలి లాయరు మొదట తెచ్చేది ఈ మాటే. కాబట్టి మీ బలమంతా అగ్రిమెంటులోనే ఉంటుంది.

బిమ్ మంచిదే. నాగ్‌పూర్ మెట్రోలో 5డి బిమ్ వాడారు, అంటే మోడలుకి కాలమూ ఖర్చూ కూడా జోడించి నడిపారు. కానీ రాజాంలోనో బొబ్బిలిలోనో రెండంతస్తుల ఇల్లు కట్టేవాళ్లకి ఇది అక్కర్లేదు. మంచి స్ట్రక్చరల్ డ్రాయింగులు, ప్లంబింగు, కరెంటు లైన్లు బీముల డ్రాయింగు మీదే గీసిన ఒక్క షీటు ఉంటే చాలు. ఆ డబ్బు సాయిల్ టెస్టుకీ, పోతల రోజు తీసే కాంక్రీటు క్యూబుల బలం టెస్టులకీ పెట్టండి.

మీ దగ్గర ఇలాంటి కొటేషన్ ఉంటే కంపెనీ పేరూ ఫోన్ నంబరూ కొట్టేసి ఫొటో పెట్టండి. ఎల్‌ఓడీ, ఫైళ్లు, క్లాష్ రిపోర్టు, ఈ మూడు లైన్లు చూసి ఏం అడగాలో నాకు తెలిసినంత రాస్తాను. సంతకం అయిపోయి, ఇంకా శ్లాబు పోత వేయనివాళ్లయితే ముందు ప్లంబరునీ ఏసీ వాళ్లనీ పిలిచి, సెంట్రింగు మీదే వాళ్ల లైన్లు సుద్దతో గీయించండి.